హాలోవీన్ ఈవెంట్‌లో దయ్యాలతో భయం లేదు, ట్రేడ్ దగ్గరే జాగ్రత్త

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: హైదరాబాద్‌లో ఉంటారు, పాపకు తొమ్మిదేళ్లు. రోబ్లాక్స్‌లో (రకరకాల గేములుండే యాప్) 'అడాప్ట్ మీ' అనే పెంపుడు జంతువుల గేమ్ ఆడుతుంది, శని ఆదివారాలు డల్లాస్‌లో ఉన్న పెద్దమ్మ కూతురితో కలిసి. అక్టోబరు హాలోవీన్ ఈవెంట్‌లో ఒక పెట్ (గేమ్‌లో పెంచుకునే జంతువు) కొనుక్కోవాలని, 1,000 రోబక్స్ (నిజం డబ్బుతో కొనే రోబ్లాక్స్ నాణేలు) ఇప్పించమని పోరుతోంది. 'ఇప్పుడు కొంటే తర్వాత షాడో డ్రాగన్ (బాగా రేటు పలికే పాత పెట్) అంత రేటు పలుకుతుంది' అని మీకే లెక్క చెబుతోంది. మొన్న గేమ్‌లో ఎవరో 'నీ పెట్ నాకివ్వు, నియాన్ (మెరిసే పెట్) చేసి తిరిగిస్తా' అన్నారు. అత్తగారేమో పండగల పూట ఇంట్లో ఈ దయ్యాల ఆటేమిటంటున్నారు. గేమ్ మొత్తం తీసేయమంటారా అన్నది మీ ప్రశ్న.

తీసేయక్కర్లేదు. నా ఉద్యోగమే మొబైల్ గేములకు ఇలాంటి సీజన్ ఈవెంట్లు తయారుచేయడం, ఇంట్లో మా పిల్లలు 2019 నుంచి ఈ అడాప్ట్ మీ ఆడుతున్నారు. కాబట్టి అటు కౌంటర్ వెనకాల ఏం జరుగుతుందో తెలుసు, ఇటు కౌంటర్ ముందు నిలబడి 'డాడీ, ప్లీజ్' అనే వాళ్లూ తెలుసు. అందులో క్యాండీ (ఈవెంట్ నాణెం) పోగేసే భాగం పిల్లలకు నిజంగా సరదా. చేతులు కాలేది ట్రేడ్ కిటికీలో (ఆడేవాళ్లు ఒకరితో ఒకరు పెట్లు మార్చుకునే తెర), రోబక్స్ దగ్గర. ఆ రెండింటికీ ముందే గీత గీస్తే మిగతాది పాపకు వదిలేయొచ్చు.

ముందు అత్తగారి సంగతి. అడాప్ట్ మీ హాలోవీన్‌లో దయ్యాలంటే గుమ్మడికాయలు, బొమ్మలాంటి గబ్బిలాలు, నవ్వే అస్థిపంజరాలు. మన పిల్లలు టీవీలో చూసే కార్టూన్ల కంటే మెత్తగా ఉంటాయి. ఒకసారి ఆవిణ్ణే పాప పక్కన కూర్చోబెట్టి చూపించండి, సగం అభ్యంతరం అక్కడే తీరిపోతుంది. నిజంగా భయపెట్టేవి రోబ్లాక్స్‌లో వేరే ఉన్నాయి. 'డోర్స్' లాంటి హారర్ గేములు అదే యాప్‌లో, ఒక్క ట్యాప్ దూరంలో ఉంటాయి. చీకటి వరండాలో నడుస్తుంటే ఉన్నట్టుండి ఏదో మీదికి దూకుతుంది. హాలోవీన్ రోజుల్లో యూట్యూబర్లు ఆడేవి కూడా ఎక్కువగా అవే కాబట్టి పిల్లల కళ్లు అటు పోతాయి. రోబ్లాక్స్ ప్రతి గేమ్‌కూ మెచ్యూరిటీ లేబుల్ పెడుతుంది: మినిమల్, మైల్డ్, మోడరేట్, రిస్ట్రిక్టెడ్ అని. పేరెంటల్ కంట్రోల్స్‌లో పాపకు మైల్డ్ వరకే తెరిచి పెట్టండి. రాత్రి లైటు ఆర్పనివ్వని గేములు చాలావరకు అక్కడే ఆగిపోతాయి.

ఇక అసలు విషయం, ఆ షాడో డ్రాగన్ లెక్క. పాప చెప్పేది పూర్తిగా కల్పన కాదు, అందుకే కొట్టిపారేస్తే మీ మాట వినదు. జరిగింది తెలుసుకుని మాట్లాడండి.

అడాప్ట్ మీ 2017లో మొదలైనప్పుడు పెట్లు లేవు. ఒకరు అమ్మానాన్నగా, ఒకరు పాపాయిగా నటించుకునే ఆట అది. పెట్లు 2019లో వచ్చాయి. ఆ ఏడాది అక్టోబరులో వచ్చిందే పెట్లతో మొదటి హాలోవీన్. అందులో షాడో డ్రాగన్ వెల 1,000 రోబక్స్, అంటే అప్పటి రేటు ప్రకారం సుమారు 12 డాలర్లు. బ్యాట్ డ్రాగన్‌కు రోబక్స్ అక్కర్లేదు, కానీ 1,80,000 క్యాండీలు కావాలి. ఈవిల్ యూనికార్న్‌కు 1,08,000. ఈవెంట్ అయిపోగానే మూడూ దుకాణంలోంచి మాయమయ్యాయి. ఇంకో అయిదారు నెలలకు కరోనా వచ్చి ప్రపంచంలో పిల్లలంతా ఇళ్లలో కూర్చున్నారు. 2020 ఏప్రిల్‌లో ఒక దశలో ఈ ఒక్క గేమ్‌లోనే ఒకే సమయంలో 16 లక్షల మందికి పైగా ఉన్నారు. ఆడేవాళ్లు వచ్చిపడ్డారు, ఆ మూడు పెట్లు మాత్రం 2019 అక్టోబరులో ఎన్ని అమ్ముడుపోయాయో అన్నే. ధర ఎందుకు ఆకాశానికంటిందో ఇక చెప్పక్కర్లేదు.

ఇప్పుడు పరిస్థితి తలకిందులు. గేమ్ పెద్దదైపోయింది, హాలోవీన్ పెట్ కొంటే లాభమని ప్రతి పిల్లకూ తెలుసు, అందరూ మొదటి రోజు నుంచే పోగేస్తారు. అందరి దగ్గరా ఉన్నదాన్ని ఎవరు ఎక్కువిచ్చి తీసుకుంటారు? ఈవెంట్ మొదటి రెండు మూడు రోజులు ట్రేడ్‌లో కొత్త పెట్‌కు రేటు ఎక్కువ పలుకుతుంది, తొందరపడేవాళ్లు ఉంటారు కాబట్టి. వారం తిరిగేసరికి దిగుతుంది. ఏళ్ల తర్వాత కొంత పెరగొచ్చు, పెరగకపోవచ్చు, కానీ 2019 నాటి పరిస్థితి మళ్లీ రావడం కష్టం. ఇదే మాట పాపతో అనండి: 'నీకు ఆ పెట్ నచ్చితే సంపాదించుకో, రేటు కోసమైతే వద్దు.' పిల్లలకు ఈ తేడా మనం అనుకున్నదానికంటే బాగా అర్థమవుతుంది. మా వాడు రెండో ఏడాదికే 'ఇది అందరి దగ్గరా ఉంటుంది డాడీ, ఎల్ అవుతుంది' అని తనే తేల్చేశాడు. డబ్ల్యూ అంటే లాభం, ఎల్ అంటే నష్టం, వాళ్ల భాషలో. ఇది రాకపోతే పాపతో చర్చకు కూర్చోలేరు.

ఈవెంట్ ఎలా నడుస్తుందో మా వైపు నుంచి చెబుతాను. ఏ స్టూడియో అయినా చూసుకునేది ఒక్కటే: ఆడేవాళ్లు రోజూ రావాలి, చివరి తేదీ దాకా రావాలి. అందుకే ఆ సీజన్‌కు మాత్రమే పనికొచ్చే నాణెం ఒకటి పెడతాం, ఇక్కడ క్యాండీ. అందుకే మినీ గేమ్ ఎప్పుడు పడితే అప్పుడు కాకుండా కాసేపటికోసారి తెరుచుకుంటుంది. అందుకే దుకాణం మీద టైమర్ తిరుగుతుంటుంది. ఆషాఢం సేల్‌లో 'నేడే ఆఖరు' బోర్డు పెట్టే పనే ఇదీ. ఇందులో మోసమేమీ లేదు, కానీ తొమ్మిదేళ్ల పిల్లకు ఆ టైమర్ టెన్షన్ పెడుతుంది. దాన్ని తగ్గించే మందు లెక్క ఒక్కటే.

ఈవెంట్ మొదలైన రోజు పాపతో కలిసి దుకాణం దాకా నడవండి. ఏ పెట్‌కు ఎన్ని క్యాండీలో చదవండి. ఒక రౌండ్ మినీ గేమ్ ఆడించి ఎన్ని వచ్చాయో చూడండి. తర్వాత కాగితం తీసుకోండి. ఊహకు చెబుతున్నాను, ఈ ఏడాది రేట్లు మీరే చూసి వేసుకోవాలి: పెట్ 12,000, రౌండ్‌కు 200 అనుకుందాం. 60 రౌండ్లు. ఎదురుచూసే సమయంతో కలిపి రౌండ్‌కు పది నిమిషాలైతే 600 నిమిషాలు, పది గంటలు. రెండు వారాల ఈవెంట్ అయితే రోజుకు ముక్కాలు గంట చాలు. ఆ సమయం మీకు సమ్మతమైతే రోబక్స్ అవసరమే లేదు, పెట్ వచ్చేస్తుంది. పాప కోరేది రోబక్స్‌తో మాత్రమే దొరికేదైతే ఈ లెక్క పనిచేయదు, దాని సంగతి కింద చెబుతాను.

అదే కాగితం మీద ఇంకో లెక్క వేయించండి. నియాన్ కావాలంటే ఒకే రకం పెట్లు నాలుగు కావాలి, నాలుగూ పూర్తిగా పెద్దవి అయ్యుండాలి. మెగా నియాన్‌కు నాలుగు నియాన్లు, అంటే పదహారు పెట్లు. పైన చెప్పిన ఊహాలెక్కలోనే చూసినా నియాన్‌కు నలభై గంటలు, మెగాకు 160 గంటలు. 2019 బ్యాట్ డ్రాగన్‌తో మెగా చేయాలంటే 28,80,000 క్యాండీలు అయ్యేవి. పెంచే శ్రమ ఇందులో కలపలేదు. న్యూబార్న్, జూనియర్, ప్రీ టీన్, టీన్, పోస్ట్ టీన్, ఫుల్ గ్రోన్ అని ఆరు దశలు, ప్రతి పెట్‌నూ అన్నం పెట్టి, పడుకోబెట్టి, స్కూలుకు పంపి పెంచాలి. ఈ అంకెలు తన చేత్తో రాస్తే 'నాకు ఒకటి చాలు' అని పాపే అంటుంది. మనం అంటే పేచీ.

ఇప్పుడు 'నియాన్ చేసి తిరిగిస్తా' అన్న మనిషి సంగతి. ఇది ఈ గేమ్‌లో బాగా పాత మోసం, ట్రస్ట్ ట్రేడ్ అంటారు. దీన్ని పాపకు తెర మీదే చూపించాలి, మాటలతో చెబితే ఎక్కదు. నియాన్ చేసేది నియాన్ కేవ్ అనే గుహలో. నేల మీద నాలుగు వృత్తాలు ఉంటాయి, నాలుగు పెట్లను ఒక్కో వృత్తం మీద పెడితే ఒకటై మెరుస్తూ బయటికొస్తుంది. పెట్టేవాళ్ల దగ్గర నాలుగూ ఉంటే చాలు, ఇంకెవరి సాయమూ అక్కర్లేదు. పాపను ఆ గుహలోకి తీసుకెళ్లి 'ఇక్కడ వాళ్లతో నీకేం పని?' అని అడగండి. తనకే తెలిసిపోతుంది.

ఇదే మోసానికి హాలోవీన్ వేషాలు చాలా ఉంటాయి. 'నీ పాత పెట్ ఇస్తే నా యూట్యూబ్ వీడియో కోసం వాడుకుని రెండు ఇస్తా.' 'ట్రేడ్‌లో అన్నీ పట్టవు, సగం ఇప్పుడిస్తా, సగం తర్వాతి ట్రేడ్‌లో.' ఆ రెండో ట్రేడ్ ఎప్పటికీ రాదు. పాపకు ఒక్క నియమం చాలు: ఈ కిటికీలో ఇప్పుడు కనబడేది మాత్రమే నీది, తర్వాత ఇస్తానన్నది లేనట్టే.

కిటికీలో కూడా కళ్లు తెరిచి ఉండాలి. ట్రేడ్‌లో ఇద్దరూ తమ వస్తువులు పెట్టి ఒకసారి ఒప్పుకోవాలి, ఆ తర్వాత మళ్లీ ఖాయం చేయాలి. మధ్యలో ఎవరైనా ఏదైనా మారిస్తే ఒప్పుకున్నది రద్దయిపోతుంది. మోసగాడు చేసేదేమిటంటే, ఈవిల్ యూనికార్న్ పెట్టి, కబుర్లు చెబుతూ, 'అయ్యో పొరపాటున తీసేశాను' అంటూ మామూలు యూనికార్న్ పెడతాడు. 'త్వరగా, త్వరగా, నేను వెళ్లిపోవాలి' అని తొందరపెడతాడు. బొమ్మ చూసి నొక్కేసే పిల్ల అక్కడ దొరికిపోతుంది. బొమ్మ కాదు, పేరు చదవమనండి. తొందరపెట్టినవాళ్ల ట్రేడ్ ఏదైనా సరే, ఎంత లాభమైనా సరే, కట్ చేయమనండి. ఇంకోటి, అల్ట్రా రేర్, లెజెండరీ అనే అరుదైన రకాల పెట్లు ట్రేడ్ చేయాలంటే గేమ్‌లోనే ట్రేడ్ లైసెన్స్ పరీక్ష పాస్ కావాలి. మోసాల మీదే ప్రశ్నలు ఉంటాయి. పిల్లలు జవాబులు యూట్యూబ్‌లో చూసి పాసైపోతారు, అది వేరే విషయం. మీ పాపతో మీరు పక్కన కూర్చుని రాయించండి.

ట్రేడ్ లేని పిల్లల గేములు ఉండేవి, తెలుసా. కెనడాలోని కెలోనాలో పుట్టిన క్లబ్ పెంగ్విన్ 2005 అక్టోబరు 24న మొదలైంది, కొద్ది రోజులకే హాలోవీన్ పార్టీ పెట్టింది. తర్వాతి అక్టోబరుల్లో దీవంతా చీకటి, ఉరుములు, క్యాండీల వేట. వేట పూర్తిచేస్తే బహుమతి నేరుగా మీకే వచ్చేది. ఒక పెంగ్విన్ ఇంకో పెంగ్విన్‌కు ఏదీ ఇచ్చే వీలు లేదు. డబ్బు కట్టి మెంబర్ అయితే మంచి వేషాలు, లేకపోతే తక్కువ వేషాలు, అక్కడ పిల్లలకు బాధ అంతవరకే. మోసపోవడానికి మార్కెట్టే లేదు. 2007లో డిస్నీ కొన్నాక కూడా అలాగే నడిచి 2017 మార్చిలో మూతపడింది. యానిమల్ జామ్ అనే ఇంకో పిల్లల గేమ్ మాత్రం ట్రేడ్ పెట్టింది, అక్కడ ముళ్ల కాలర్లనే అరుదైన వస్తువుల కోసం పిల్లలు ఏడ్చిన ఏడుపులు మా రంగంలో ఇప్పటికీ ఉదాహరణగా చెప్పుకుంటారు. ట్రేడ్ ఉంటే గేమ్‌కు ఆయుష్షు ఎక్కువ, పిల్లలకు బేరం చేయడం వస్తుంది, నిజమే. కానీ దాని ఖరీదు కట్టేది ఎప్పుడూ అందులో అందరికంటే చిన్నవాళ్లే. నా అభిప్రాయం అడిగితే పదేళ్ల లోపు పిల్లలకు తెలియనివాళ్లతో ట్రేడ్ వద్దు. స్కూలు స్నేహితులు, డల్లాస్ అక్క, అంతే.

రోబక్స్. ఈవెంట్ మొదలయ్యాక నిర్ణయించకండి, ఇప్పుడే చెప్పేయండి: ఈ హాలోవీన్‌కు ఇంత, లేదా సున్నా. రోబ్లాక్స్‌లో మీ పేరెంట్ అకౌంట్‌ను పాప అకౌంట్‌కు లింక్ చేస్తే నెలకు ఎంత ఖర్చు పెట్టొచ్చో మీరే పరిమితి పెట్టొచ్చు. ఫోన్‌లో గూగుల్ ప్లే సెట్టింగుల్లోకి వెళ్లి ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా మార్చండి, మీ కార్డు అందులో సేవ్ అయి ఉంటుంది. రోబక్స్ ఇస్తే ఒక సలహా: లోపల ఏముందో తెలియని పెట్టెలు కొననివ్వకండి, పేరు చూసి కొనే పెట్ కొననివ్వండి. పెట్టెలో ఏది ఎంత శాతం వస్తుందో చూపాలని రోబ్లాక్స్ నియమమే ఉంది. 'ఒక శాతం' అంటే పిల్లలకు 'వంద కొంటే తప్పకుండా ఒకటి' అనిపిస్తుంది. అది అలా కాదని వివరించడం కంటే కొననివ్వకపోవడం తేలిక.

పెట్లను నిజం డబ్బుకు అమ్మడం, కొనడం రోబ్లాక్స్ నియమాలకు విరుద్ధం. ఎవరైనా 'యూపీఐ చేయి, పెట్ పంపిస్తా' అన్నా, గిఫ్ట్ కార్డు కోడ్ అడిగినా, 'హాలోవీన్ ఫ్రీ రోబక్స్' అనే సైట్ లింక్ ఇచ్చినా అది దొంగ వ్యవహారమే. అకౌంట్‌కు టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టి, కోడ్ మీ ఈమెయిల్‌కు వచ్చేలా చేయండి. ఈ ఒక్క పనికి అయిదు నిమిషాలు పడుతుంది, చాలామంది చేయరు.

చాట్ గురించి ఒక్క మాట. రోబ్లాక్స్‌లో ఇప్పుడు చాట్ వాడాలంటే వయసు చెక్ చేయించుకోవాలి, దాన్నిబట్టి ఎవరు ఎవరితో మాట్లాడొచ్చో తేలుతుంది. పాప వయసు ఎక్కువగా చూపేలా పుట్టిన సంవత్సరం పెట్టి ఉంటే ముందు దాన్ని సరిచేయండి. చాలా ఇళ్లలో పిల్లల అకౌంట్లు నాన్న పుట్టిన తేదీతోనే ఉంటాయి.

సమయం లెక్క కూడా చూసుకోండి. దసరా సెలవులు చాలా ఏళ్లు అక్టోబరులోనే పడతాయి, ఫోన్ చేతిలో ఉంటుంది, ఈవెంట్ తెరుచుకుంటుంది. అమెరికా తూర్పు తీరంలో ఉదయం 11 గంటలకు కొత్తది వదిలితే మనకు రాత్రి 8:30. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారాలు గంట వెనక్కి జరుగుతాయి కాబట్టి ఆ తర్వాత అదే సమయం మనకు 9:30. డల్లాస్‌లో శనివారం పొద్దున తొమ్మిది అంటే ఇక్కడ సాయంత్రం 7:30, అక్కాచెల్లెళ్లు ఆడుకోవడానికి అదే మంచి వేళ. చివరి రోజు అర్ధరాత్రి మేలుకోవాల్సి రాకుండా, ముగింపుకు రెండు రోజుల ముందే క్యాండీలు ఖర్చు పెట్టించేయండి.

ఒకవేళ ఇప్పటికే పెట్ పోయి ఉంటే: గేమ్‌లో ట్రేడ్ హిస్టరీ ఉంటుంది, అందులో ఆ ట్రేడ్ తెరిచి రిపోర్ట్ చేయండి, స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకోండి. పెట్ తిరిగి వస్తుందని మాత్రం పాపకు ఆశ పెట్టకండి. పాపను తిట్టకండి కూడా, తిడితే తర్వాతి సారి చెప్పదు, ఈసారి చెప్పింది కాబట్టే మీకు తెలిసింది. డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎవరైనా ఫోటో అడిగినా, వేరే యాప్‌లోకి రమ్మన్నా అది పెట్ గొడవ కాదు, బ్లాక్ చేసి రిపోర్ట్ కొట్టండి, బెదిరింపు దాకా వెళితే పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది.

ఇంకొకటి మీరు రాయలేదు గానీ ఇలాంటి ఇళ్లలో తరచూ జరిగేది. 'నువ్వు నిద్రపోయేటప్పుడు నీ అకౌంట్‌లో నేను ఆడి క్యాండీ పోగేస్తా, పాస్‌వర్డ్ ఇవ్వు' అని డల్లాస్ అక్క మంచి మనసుతోనే అనొచ్చు. వద్దు. అక్క మంచిదే, అక్క ట్యాబ్‌లో ఇంకెవరు లాగిన్ అవుతారో మనకు తెలియదు. కలిసి ఆడాలంటే రోబ్లాక్స్‌లో ఒకరినొకరు ఫ్రెండ్‌గా చేర్చుకుని, అక్క పేరు మీద నొక్కి జాయిన్ కొడితే ఇద్దరూ ఒకే సర్వర్‌లోకి వస్తారు. వాట్సాప్ వీడియో కాల్ పక్కన పెట్టుకుంటే గేమ్ చాట్ అవసరమే ఉండదు.